అర్షవీర్ మామ, తెల్లచేప

అర్షవీర్ మామకు ఉన్నది ఒక్కటే జబ్బు. తెల్లచేపను ఎవరైనా ఇష్ఖాన్ అంటే సహించలేడు. ఇష్ఖాన్ మా సెవాన్ సరస్సులో తప్ప భూమ్మీద మరెక్కడా పుట్టని చేప. తెల్లచేప ఎక్కణ్ణుంచో తెచ్చి వదిలిన రకం.

ఆయన సైకిల్ కనిపిస్తే రోడ్డు పక్కన చేపలమ్మేవాళ్ళ గుండెల్లో రాయి పడేది.

"రండి బాబూ, తాజా ఇష్ఖాన్!"

"ఇష్ఖాన్ కాదు!" సైకిల్ దిగకుండానే అరిచేవాడు. "ఒంటిమీద మచ్చలేవిరా?"

కొనబోయినవాడు కారెక్కి పోయేవాడు. ఒక చావుభోజనంలోనూ ఇదే గొడవ. "పోయినాయన బతికుంటే దీన్ని గడప దాటనిచ్చేవాడా?" అన్నాడు. పోయినాయన జీవితమంతా తిన్నది తెల్లచేపే.

మా పక్కింటి సాతెనిక్ వదిన కూతురు హస్మిక్‌కు ఉంగరం తొడగడానికి గ్యుమ్రి నుంచి పెళ్ళివారు వస్తున్నారు. "ఇష్ఖాన్ రుచి చూపిస్తారుగా?" అని పిల్లాడి తల్లి కబురంపింది. "అదెంత భాగ్యం!" అనేసింది వదిన. ఆ తరవాత నాలుగు రోజులు ఒకటే గాలి, పడవలు సరస్సు లోపలికి పోలేదు. ఒడ్డున వేసిన వలలో పడ్డది తెల్లచేప. వదిన దాని పొట్టలో వెన్నా ఎండు రేగుపళ్ళూ కూరి, పైన దానిమ్మ గింజలు కప్పింది.

విందులో మొదటి గ్లాసెత్తి మాట్లాడాల్సింది వీధికి పెద్ద, అంటే మామే.

"ఆయన్ని పిలవకపోతేనో?" అన్నాను.

"పిలవకపోతే ఊరు ఊరుకుంటుందా? పిలిస్తే ఆయన ఊరుకుంటాడా?" అని తల పట్టుకుంది వదిన. మొదటి పూటే అబద్ధం వడ్డించారంటే సంబంధం నిలవదని ఆమె భయం.

పళ్ళెం వచ్చింది. పిల్లాడి తల్లి కళ్ళజోడు కోసం సంచీ వెతుకుతోంది. మామ గ్లాసుతో లేచి చేపను చాలాసేపు చూశాడు.

"ఇష్ఖాన్ కాదు," అన్నాడు.

హస్మిక్ మొహం పాలిపోయింది.

"ఇష్ఖాన్లకి తాత! డెబ్బై ఏళ్ళలో ఇంతటిదాన్ని చూళ్ళేదు. ముసలిదై మచ్చలు రాలిపోయాయి, ఒళ్ళు తెల్లబడింది, నా జుట్టులాగే!"

అందరూ నవ్వారు. ఆవిడకు కళ్ళజోడు దొరికేలోపు మామ పళ్ళెం లాక్కున్నాడు. "తలా తోలూ పెద్దవాడికే. మా ఊరి ఆచారమమ్మా!" అంటూ రెండూ తన కంచంలో వేసుకుని తినేశాడు. మిగిలింది ఆవిడ మూడుసార్లు అడిగి వేయించుకుంది. ఉంగరం తొడిగారు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఏం మామా, అంత అబద్ధమాడావు?"

"కడుపునిండా తోలు తిన్నాను, మాట్లాడించకు."

మా ఊళ్ళో అలాంటి ఆచారమేదీ లేదు. ఆ వియ్యపురాలు మాత్రం, వచ్చినప్పుడల్లా, ఏ చేప వండినా తలా తోలూ తీసి భక్తిగా ఆయన కంచంలో వేస్తుంది. ఆయనకు రెండూ గిట్టవు. కిక్కురుమనకుండా తింటాడు.