గురువులు బోటుకి పట్టిన శని

పెద జాలరిపేట ఇసుకలో నీలిరంగు ఫైబర్ బోటు ఒకటి వానాకాలం మొదట్నించీ కదలకుండా కూర్చునుంది. ముక్కు మీద ఎర్రటి అక్షరాలతో 'గంగాలమ్మ తల్లి' అని రాసుంటుంది. అందులో నూకాలత్త కోడిపెట్ట గుడ్లు పెట్టింది, పొదిగింది, పిల్లల్ని లేపింది. ఆ పిల్లలు పుంజులై ఇప్పుడు అందులోనే కొట్టుకుంటున్నాయి. ఎండ బాగా కాసినప్పుడు అంచుల మీద ఎవరో ఒకరు మిరపకాయలు ఆరేస్తారు. మధ్యాహ్నం పూట పేకాటకి పిలవాలంటే పేటలో మగాళ్ళు "బోటెక్కుదామేటి?" అంటారు. మాఘమాసం వచ్చినా ఆ బోటు అడుగుకి మాత్రం ఉప్పునీటి తడి తగల్లేదు.

బోటు గురువులుది. నలభై దాటిన మనిషి, దిట్టంగా ఉంటాడు, కెరటం ఎంతెత్తు లేచినా కన్నార్పడు. ఏళ్ళ తరబడి ఊరోళ్ళ బోట్లలో వల లాగి, సబ్సిడీ కోసం ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఆ బోటు సంపాదించుకున్నాడు. తీరా అది వచ్చాక, నీళ్ళలోకి దింపడానికి ముహూర్తం అడుగుదామని సింహాచలం కొండ కింద ఒక జ్యోతిష్కుడి దగ్గరికి వెళ్ళాడు. పాడు బుద్ధి అప్పుడు పుట్టింది.

"అశ్విని నక్షత్రం, మేషరాశి. ఏలినాటి శని మొదలైంది నాయనా. శనివారాలు నువ్వులనూనె దీపం పెట్టుకో, నీ పని నువ్వు చేసుకుంటూ పో" అన్నాడాయన. ఇందులో మొదటి సగం గురువులు చెవిలో పడింది. రెండో సగం బస్సు హారన్లో కలిసిపోయిందని తర్వాత చెప్పుకున్నాడు గానీ, ఆ వీధిలోకి బస్సులు రావు.

"శని ఇప్పుడు మీనంలో కూకున్నాడంట. మీనమంటే సేపే గదే సిట్టీ! పోయి పోయి సేపలోనే కూకున్నాడు. ఏడున్నరేళ్ళు బోటు దింపకూడదు" అని ఇంటికొచ్చి భార్య చిట్టమ్మతో చెప్పాడు.

చిట్టమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. బేరమాడే వాళ్ళు ఆమె గంప దగ్గర మర్యాదగా బేరమాడతారు.

"మరి ఊరోళ్ళ బోటెక్కి రోజూ ఏటకెల్తన్నావు గదా మావా? అప్పుడు శని దిగిపోతాడేటి?"

"ఆల బోటు, ఆల జాతకం. నాకేటి సమ్మందం?"

చిట్టమ్మ గంప ఎత్తుకుని మార్కెట్‌కి నడిచింది.

అసలు సంగతి గురువులుకి తెలుసు, ఎవరికీ చెప్పుకోలేడు. వాడికి సముద్రం అంటే భయం లేదు, శని అంటే ఉన్న భయం కూడా అంతంత మాత్రమే. భయమల్లా ఒక్క మాటకే. బోటులో వెనకాల కూర్చుని, వల వెయ్యమన్న చోట వేసి, లాగమన్నప్పుడు లాగి వాడి జీవితం గడిచింది. "ఇక్కడ ఎయ్యండి" అనేది బోటు యజమాని. వల ఖాళీగా వస్తే ఒడ్డున అందరూ చూసేది కూడా అతగాడి మొహమే. ఆ మాట గురువులు ఎప్పుడూ అనలేదు. వాడి నాయన సింహాద్రి అలాంటి వాడు కాదు. నాలుగు దుంగలు తాళ్ళతో బిగించి కట్టిన తెప్ప మీద ఒక్కడే వెళ్ళేవాడు. ఎక్కడ వల వెయ్యాలో ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. అలాంటి తండ్రికి ఇలాంటి కొడుకునని గురువులు లోలోపల ఎంత సిగ్గుపడేవాడో చెప్పడం కష్టం. శని దొరికాడు కాబట్టి ఆ సిగ్గంతా శని నెత్తిన పెట్టాడు.

చిట్టమ్మ నెలల తరబడి ఓర్చుకుంది. కోడిపుంజులు బోటులో కొట్టుకోవడం చూసిన రోజున ఓర్పు అయిపోయింది. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని చేస్తూ, ఎప్పుడెప్పుడు సముద్రానికి తిరిగొద్దామా అని చూస్తున్న తమ్ముడు కోటికి ఫోను కొట్టింది.

"ఆదివారం వొచ్చి బోటు తోలుకుపోరా. నీ రాశేటో నాను అడగను" అని చెప్పి, గురువులు వైపు తిరిగి, "ఇన్నావు గదా?" అంది.

విన్నాడు. ఆ పూట వాడికి అన్నం సయించలేదు. బోటు పక్కన కూర్చుని, కోడిపుంజు కేసి చూస్తూ ఉండిపోయాడు. పుంజు కూడా వాడి కేసి అదోలా చూసింది.

ఆ శుక్రవారం చిట్టమ్మ మార్కెట్ నుంచి ఒక కబురు మోసుకొచ్చింది. ఆమెకి కళ్ళజోడు చేసిచ్చిన అనీస్ శుక్రవారాలు కొట్టు కట్టేసి, సాయంత్రం పూట పెద్ద టెలిస్కోపు ఒకటి బీచిరోడ్డుకి తెచ్చి వచ్చేపోయే వాళ్ళకి ఆకాశం చూపిస్తాడట. ఈ వేళ జాలరిపేట దగ్గరే పెడతాడట.

"శనిని సూపిత్తాడంట. ఎల్దాం పద. నాను ఆడితో మాటాడాల" అంది.

"శనిని ఎదురుగా సూడకూడదే! గుళ్ళో కూడా పక్కనించే దణ్ణం పెడతారు."

"సరేలే, నువ్వు సందమావని సూద్దువుగాని. ఆడి సంగతి నాను సూసుకుంటాను."

వాళ్ళు వెళ్ళేసరికి చీకటి పడుతోంది. చలిగాలికి జనం చెవులకి మఫ్లర్లు చుట్టుకుని నిలబడ్డారు. టెలిస్కోపు సముద్రం వైపు కాకుండా ఊరి వైపు తిరిగి ఉండటంతో అక్కడ అప్పటికే చిన్న గొడవ జరుగుతోంది. ఎదురు అపార్ట్‌మెంటు బాల్కనీలోంచి ఒకావిడ "ఎవర్రా అది, మా ఇంట్లోకి చూస్తున్నారు?" అని కేకలేస్తోంది.

"మీ ఇల్లు కాదమ్మా, మీ ఇంటి మీదున్న నెలవంకని" అని అనీస్ దణ్ణం పెట్టి చెబుతున్నాడు. సన్నగా, ఓపిగ్గా ఉండే మనిషి. చిట్టమ్మని చూడగానే మొహం వికసించింది. "రా సిట్టమ్మక్కా! అన్నని కూడా తెచ్చావా?"

గురువులు ముందు చందమామని చూశాడు. తెల్లటి ఇసుక మీద పీతలు బొరియలు తవ్వినట్టుంది. "ఓలమ్మ, అచ్చం మన ఒడ్డే" అన్నాడు. తర్వాత అనీస్ గొట్టాన్ని సముద్రం మీదుగా పైకొచ్చిన పెద్ద చుక్క వైపు తిప్పి, "ఇది గురుడన్నా, నీ పేరోడే" అన్నాడు. ఆ గురుడి పక్కన వరసలో చిన్న చిన్న చుక్కలు. అవన్నీ వాడి చుట్టూ తిరిగే చందమామలని అనీస్ చెప్పాడు. పేరు కలిసినవాడికి అంతమంది మనుషులు ఉండటం గురువులుకి గర్వంగా అనిపించింది, కాస్త కడుపుమంటగానూ అనిపించింది.

"ఇప్పుడు శని" అన్నాడు అనీస్, గొట్టాన్ని మళ్ళీ నెలవంక వైపు తిప్పుతూ.

గురువులు రెండడుగులు వెనక్కి వేశాడు. వెనకాల చిట్టమ్మ ఉంది. ఆమె ఉన్న చోట వెనకడుగు వెయ్యడం కుదరదు. మెడ మీద చెయ్యేసి వంచింది.

"నాను తరవాత మాటాడతాను. ముందు నీ శత్రువుని నువ్వు సూడు!"

గురువులు ఒక కన్ను గట్టిగా మూసుకున్నాడు. రెండోది తెరవడానికి కాస్త సమయం పట్టింది. నల్లటి రూపం, కాకి, చేతిలో ఏదో ఆయుధం, ఇలాంటివేవో కనిపిస్తాయనుకున్నాడు. గంగాలమ్మ తల్లికి మొక్కుకుని తెరిచాడు.

"ఏం అనుకోకన్నా" అంటున్నాడు అనీస్ పక్కనుంచి. "శనికి రింగు ఉంటాది గదా, ఈ ఏడు అది మనకి అంచు తిప్పేసింది. బాగా కనపడదు. ఉత్త గీతలాగుంటాది."

గురువులు వినడం లేదు. కటిక చీకటి. ఆ చీకట్లో సన్నటి గీత ఒకటి, గీత మీద పసుప్పచ్చటి చుక్క ఒకటి, వణుకుతూ ఉన్నాయి. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి ఇదే చూసేవాడు. నీళ్ళ మీద గీతలా తెప్ప, దాని మీద చుక్కలా నాయన.

"తెప్ప" అన్నాడు.

"ఏటి?" అంది చిట్టమ్మ.

"తెప్పేసుకున్నాడే. ఒక్కడే ఉన్నాడు. పక్కన మనిషి కూడా లేడు." అంతలోనే కంగారుగా, "ఎల్లిపోతన్నాడే! పక్కకి ఎల్లిపోతన్నాడు!" అన్నాడు.

"అది మన భూమి తిరగడం అన్నా. ఆగు, మళ్ళీ మధ్యకి తెస్తాను" అన్నాడు అనీస్.

"ఒగ్గీ బాబూ, ఆపకు. ఏటకెల్తన్నాడు" అన్నాడు గురువులు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చలిగాలికని చెప్పి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

తర్వాత చిట్టమ్మ వంగింది. మార్కెట్ నుంచి దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన తిట్లు చాలా ఉన్నాయి. చూసింది, చాలాసేపు చూసింది. లేచి, "పాపం, ఇంతే ఉన్నాడేటి!" అని ఊరుకుంది. వెనక క్యూలో వాళ్ళు గొణుగుతుంటే ఆ తిట్లు వాళ్ళకి ఖర్చు పెట్టింది.

గురువులు అప్పటికే బోటు దగ్గర ఉన్నాడు. పుంజుల్ని దింపుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి కోటితో మాట్లాడుతున్నాడు.

"ఆదివారం రావొద్దురా. రాత్రికే వొచ్చీ. తెల్లారి దింపుతన్నాను, నా ఎనకాల ఒక మనిషి కావాల."

"రేపు శనివారం బావా!"

"ఆడి రోజే. ఆడు ఏట మానేసాడేటి?"

కోటి ఫ్యాక్టరీ యూనిఫారం కూడా విప్పకుండా బండేసుకుని వచ్చేశాడు. తెల్లవారుజామున చిట్టమ్మ బోటు ముక్కుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. పేటంతా భుజం పట్టి తోసింది. పేకాట రాయుళ్ళు మాత్రం కొంచెం దిగులుగా తోశారు. లోతు నీళ్ళలోకి వెళ్ళాక కోటి వల పట్టుకుని ఎదురుచూశాడు. గురువులు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి అన్నాడు.

"ఇక్కడ ఎయ్యి."

పొద్దెక్కాక బోటు ఒడ్డుకొచ్చేసరికి పేటంతా అక్కడే ఉంది. వలలో గుప్పెడు కవళ్ళనే చిన్న చేపలు, ఒక పీత. నూకాలత్త కూర వండుకోవడానికి కూడా చాలవు. అందరూ గురువులు మొహం కేసి చూశారు. శని ఏం చేశాడో, ఎలా చేశాడో గురువులు నోట వినాలని అందరికీ సరదాగా ఉంది. వాళ్ళలో వాళ్ళు నవ్వుకోవడం కూడా మొదలుపెట్టారు.

"ఏటి మావా, ఆ శనేనా?" అని చిట్టమ్మ మెల్లిగా అడిగింది.

గురువులు వల దులుపుతూ తలెత్తాడు. నాయన పోయిన ఇన్నేళ్ళకి ఒడ్డున అందరూ చూస్తుండగా తలెత్తాడు.

"ఆడేటి సేత్తాడే పాపం! నానే తప్పు సోట ఏయించాను. రేపు ఇంకా లోనకెల్తాను."