డెబ్బై ఐదు దగ్గర ఆగిన ముల్లు

మీటరులో కదలని ముల్లును చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట ముల్లు మీద కాదు, నా మీదే.

ఎనభైల్లో మాచర్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేరాను. ఇంకా పర్మినెంట్ కాలేదు. నాకు పని నేర్పిన సీనియర్ మెకానిక్‌ది నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే కుటుంబం. ఆయన అందరికీ చాచానే. యంత్రం దగ్గరి వేడి కరెంటుగా మారి తీగలో కంట్రోల్ రూముకు వెళుతుందనీ, అతి తక్కువ వేడికి నాలుగు మిల్లీ ఆంపులు, అతి ఎక్కువకు ఇరవై అనీ మొదటిరోజే చెప్పాడు. సున్నాకు సున్నానే పంపొచ్చుగా, ఈ నాలుగేమిటని అడిగాను.

"తీగ తెగితే తెలియొద్దంట్రా? నాలుగు కన్నా కిందికి పడిందంటే వేడి లేక కాదు, తీగ లేక," అన్నాడు.

మా దగ్గర ఒక అడ్డదారి ఉండేది. బొగ్గును పొడిచేసే మిల్లు నడుస్తుండగా దాని వేడి లెక్కను పంపే ట్రాన్స్‌మిటర్‌ను బాగుచేయడానికి విప్పితే, కరెంటు పోయి మిల్లు దానంతటదే ఆగిపోతుంది. ఆగితే ఇంజనీరు విరుచుకుపడతాడు. అందుకని ఆ తీగలకు చిన్న బ్యాటరీ పెట్టె తగిలించి పన్నెండు మిల్లీ ఆంపుల దొంగ కరెంటు పంపేవాళ్లం. కంట్రోల్ రూములో ముల్లు మామూలు వేడి చూపిస్తూ డెబ్బై ఐదు డిగ్రీల దగ్గర బుద్ధిగా నిలబడేది. చాచాకు ఈ పని గిట్టదు. చేస్తే మాత్రం పెట్టె దగ్గర్నుంచి కదలొద్దనేవాడు.

ఆరోజు నేను కదిలాను. ట్రాన్స్‌మిటర్ బాగుచేసి, ఇక తీగలు పెట్టె నుంచి తీసి దానికి మార్చాల్సి ఉండగా, బట్టీ దగ్గర ఇంకేదో ఆగిందని కబురొచ్చింది. పరిగెత్తి అది చూశాను. ఇంతలో భోజనాల గంట కొట్టారు, నేరుగా క్యాంటీన్‌కు పోయాను. రెండో ముద్ద కలుపుతుండగా, చాచా బొగ్గు మిల్లు పైఅంతస్తులో పొడి పట్టిన గొట్టాలు శుభ్రం చేస్తున్నాడని పక్కవాడు అన్నాడు. ఎడంచేత్తో పనిముట్ల సంచీ తడిమాను. బ్యాటరీ పెట్టె లేదు, మిల్లు తీగలకే ఉండిపోయింది.

ఎంగిలి చేత్తోనే కంట్రోల్ రూముకు పరిగెత్తాను. ముల్లు డెబ్బై ఐదు దగ్గర ఉంది. అసలు వేడైతే ముల్లు కాస్తయినా అటూ ఇటూ వణుకుతుంది. ఇది గంటన్నరగా మేకు కొట్టినట్టుంది. లోపల బొగ్గుపొడి అంటుకుంటే పైనున్న మనిషి దిగే దారి కూడా ఉండదు. మిల్లు ఆపమన్నాను. అంతా బాగానే ఉంటే ఎందుకాపాలి, ఇంజనీరు చెప్పాలి కదా అన్నాడు ఆపరేటరు. ముల్లు అబద్ధం చెబుతోందన్నాను. అబద్ధం నాదని చెప్పడానికి నోరు రాలేదు.

ప్యానెల్ వెనక్కి వెళ్లి, మిల్లు నుంచి వచ్చే ఆ తీగ పీకేశాను. ముల్లు సున్నా దాటి కిందికి పడింది. బెల్లు మోగింది, మిల్లు ఆగింది.

కింద మిల్లు దగ్గర తీగలు మార్చి చూస్తే అసలు వేడి నూట పద్దెనిమిది. మంట పుట్టకుండా మిల్లులోకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు తెరిచారు. చాచా మెట్లు దిగి వచ్చాడు, మొహం నిండా మసి, దగ్గు. పైన రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతోందన్నాడు. ఆయన కాళ్ల మీద పడాలనిపించింది, పడలేదు.

సాయంత్రం ఇంజనీరు గదిలో మా ఇద్దర్నీ నిలబెట్టి, ఆ పెట్టె ఎవరు పెట్టారని అడిగారు. చాచా నావైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత, "నేనే పెట్టమన్నా సార్," అన్నాడు.

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆయనకు మెమో ఇచ్చారు, రావాల్సిన ఫోర్‌మన్ పోస్టు ఇంకొకరికి పోయింది. నెలాఖరుకు నాకు పర్మినెంట్ కాగితం వచ్చింది. సైకిల్ స్టాండు దగ్గర సిగ్గు విడిచి ఆయనకే చూపించాను. మొత్తం చదివి, మడిచి, నా జేబులో పెట్టాడు.

"తీగ తెగినా ముల్లు చెబుద్దిరా," అన్నాడు సైకిల్ తాళం తీస్తూ. "నువ్వు చెప్పలా."