నీళ్ళ మీద మేమిద్దరం

సముద్రపు ఒడ్డున నిలబడి కాళ్ళు తడుపుకోకముందే నేనూ మా ఆయనా ఓడ ఎక్కాం. అలలు ముందుకొస్తే వెనక్కి పరిగెత్తడం, ఇసుకలో గవ్వలు ఏరుకోవడం ఇవన్నీ మా ఇద్దరికీ తెలియవు. మాకు ముందు తెలిసింది నడి సముద్రమే.

నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి ఆదోనికి కోడలిగా వచ్చాను. మా ఆయనది తుగ్గలి వైపు పల్లె. సేద్యం వదిలేసి ఆదోనిలో విత్తనాలు, పురుగుమందుల షాపు పెట్టుకున్నాడు. పొద్దున షట్టరు ఎత్తితే మళ్ళీ దీపాలు పెట్టినాకే ఇల్లు. మేం పోట్లాడుకున్నదీ లేదు, కూర్చొని మాట్లాడుకున్నదీ లేదు. కుళాయి వచ్చిందా, కరెంటు పోయిందా, కూర ఏమిటి, వీటితోనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఒక ఏడు విత్తనాలు బాగా అమ్ముడుపోయాయని కంపెనీ వాళ్ళు డీలర్లను భార్యలతో సహా బొంబాయి నుంచి ఓడలో లక్షదీవుల దాకా తిప్పుకొస్తామన్నారు. ఆయన్ను ఒక్కడినే పోయిరమ్మన్నాను.

"ఒక్కన్నే పోయి ఆడ ఏం సేసేది? నీళ్ళ తట్టు సూస్తా కూసుండేదా? నువ్వూ రా," అన్నాడు.

ఆదోనిలో రైలెక్కి బొంబాయి చేరాం. ఓడలోకి బయటి తిండి రానివ్వరని ఎవరో చెబితే, కట్టుకున్న సజ్జ రొట్టెలు, చెనక్కాయల పొడి రైల్లోనే తినేశాం. ఓడను చూసినప్పుడు అది ఓడ అనిపించలేదు. అంతస్తుల మీద అంతస్తులు, కిటికీల మీద కిటికీలు. మా ఆదోని బజారంతా ఎత్తి అందులో పెట్టొచ్చు. అది ఎప్పుడు కదిలిందో కూడా తెలియలేదు. అద్దంలోంచి చూస్తుంటే బొంబాయి మేడలే మెల్లగా పక్కకి జరుగుతున్నాయి. "ఊరు పోతాంది," అన్నాడు ఆయన. ఊరు పోయింది. తరవాత పక్షులు కూడా పోయాయి.

మా గదిలో నేల అడుగు నుంచి సన్నటి అదురు వస్తుండేది. ఎమ్మిగనూరులో మా నాయన మగ్గం నేస్తుంటే చిన్నప్పుడు పక్కన చాప మీద పడుకున్న నాకు వీపు కింద తగిలే అదురు లాంటిదే. తెల్లారి లేచేసరికి, పెళ్ళికి ముందు తప్ప అంత గాఢంగా ఎప్పుడూ నిద్రపోలేదని అనిపించింది.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనం చేసి ఆయన నిద్రపోయాడు. ఆయన పగలు నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. లేపబుద్ధి కాక, తలుపు మెల్లగా దగ్గరికి వేసి పైకి వెళ్ళాను. పైన ఎటు చూసినా నీలం. మన దగ్గర ఎంత బయలైనా చివర ఒక గుట్టో తుమ్మచెట్టో ఉంటుంది. అక్కడ చూపు ఆగడానికి ఏమీ లేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎండ మెత్తబడింది.

తిరిగి కిందికి వచ్చాను. పొడుగాటి నడవా, ఒకే రంగు తివాచీ, రెండు పక్కలా ఒకే రకం తలుపులు. మాదనుకున్న తలుపుకి, తాళంచెవికి బదులు వాళ్ళిచ్చిన కార్డు పెడితే తెరుచుకోలేదు. రెండోసారి పెట్టేసరికి లోపలి నుంచి ఒక తెల్లజుట్టు దొరసాని తలుపు తీసి నవ్వింది. నేను అంతస్తు తప్పాను. మెట్లెక్కాను, దిగాను. ఫోను చూస్తే సిగ్నల్ లేదు. భయం వేయాల్సిందే, కానీ వేయలేదు. కలలో తప్పిపోయినట్టే ఉంది. మళ్ళీ పైకి పోయి ఓడ చుట్టూ నడవడం మొదలుపెట్టాను. ఆయన లేచి వెతికితే ఎదురుపడతాడనుకున్నాను. ఆయన కూడా లేచాడట, అదే అనుకున్నాడట, నేను నడిచిన వైపే చుట్టూ నడిచాడట. ఇద్దరం ఒకరి వెనక ఒకరం తిరుగుతూనే ఉన్నాం.

అప్పుడు ఓడంతా గంట మోగినట్టయి, ఒక అమ్మాయి గొంతు మైకులో ఏదో పేరు పిలిచింది. నా పేరే, కానీ ఆమె నోట్లో ముక్కలై పలికింది. అది నాదని నాకు తట్టలేదు. కాసేపటికి గరగరమని ఆయన గొంతు వచ్చింది. నా పేరు పెట్టి పిలిచాడు.

మా ఆయన నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. 'ఏమే' అంటే నేనే. మా ఇంట్లో మగవాళ్ళంతా అంతే. ఆ పేరు నాకే పాతబడిపోయింది. ఇప్పుడది ఆకాశంలోంచి వచ్చినట్టు వచ్చి నీళ్ళ మీద పోయింది.

"నేను ఈడ కింద ఆఫీసు కాడ ఉండాను. యాడుంటే ఆడ ఎవుర్నన్నా అడుక్కోని రా," అన్నాడు. కొంచెం ఆగి, మైకు ఇంకా పనిచేస్తోందని మరిచిపోయాడేమో, "నాకు సేతులాడ్తా లేవు," అన్నాడు.

తెలుగు తెలిసిన డీలర్లు కొందరు పైన నాకు దగ్గర్లోనే కుర్చీల్లో కూర్చొని ఉన్నారు, పకపకా నవ్వారు. నేను వాళ్ళనే అడిగి కిందికి పోయాను. ఆయన బల్లను రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తిడతాడనుకున్నాను. బల్ల వదిలి నా దగ్గరికి వచ్చాడు.

"నా పేరు నీకు గుర్తుందా?" అన్నాను.

"పెండ్లి పత్రికలో సదివింటి గదా," అన్నాడు. అప్పుడు ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఎంతకీ ఆగలేదు. బల్ల వెనక అమ్మాయి కూడా ఏమీ అర్థం కాకుండానే నవ్వింది.

ఆ తరవాత కంపెనీ పిలవకపోయినా మేమే ఇంకోసారి పోయాం. ఈసారి మద్రాసు నుంచి లంక వైపు. మా ఆడబిడ్డ, "కుళాయి రాని ఊర్నుంచి పోయి మళ్ళా నీళ్ళు సూసొచ్చేకా? మీకేం పిచ్చి పట్టిందప్పా!" అంది. "అవునక్కా, నీళ్ళు సూసేకే," అన్నాడు ఆయన.

ఆ ఏడు మా వైపు విత్తనం వేసినాక వాన మొహం చాటేసింది. కోడుమూరు నుంచి, కృష్ణగిరి నుంచి వచ్చిన రైతులు షాపు ముందు కూర్చొని మొలకలు ఎండుతున్నాయని చెప్పేవాళ్ళు. ఆయన వాళ్ళ మాటలు మూట కట్టుకొనే ఓడ ఎక్కాడు. లంక నుంచి తిరిగి వస్తుండగా పొద్దున్నే మబ్బు దిగింది. వాన మొదలైంది. దూరంలో బూడిదరంగు తెర లాగా కనిపించి, మెల్లగా మా మీదికి వచ్చింది. అందరూ లోపలికి పరిగెత్తారు. ఆయన కదల్లేదు.

"లోపలికి రాయ్యా, తడుస్తాండావు," అన్నాను.

"ఇంత వాన... ఊరికే సముద్రంలో పడ్తాందే," అన్నాడు. చేతులు చాపి పట్టాడు. దోసిలి నిండి కారిపోతోంది. "మా నాయన ఇంటి ముందర నిలబడుకోని మోడాలు ఎటు పోతాండాయో సూస్తా ఉండేవాడు. అన్నానికి పిలిచినా వచ్చేవాడు కాదు. మోడాలు మా సేను మీదనే పోయేవి, ఒక్క సుక్క రాల్చకుండా. అవన్నీ యాడికి పోతాయని అడుగుతాంటి. నీకేలరా అనేవాడు."

పెళ్ళయినప్పటి నుంచి మా మామ గురించి ఆయన చెప్పిన మాటలు అవే. నేను లోపలికి రమ్మనడం మానేసి పక్కన నిలబడ్డాను. సముద్రం మీద వాన పడితే పెద్ద చప్పుడు ఉండదు. మన రేకుల మీద పడినట్టు గోల చేయదు. నీళ్ళు నీళ్ళను తాకుతాయి, అంతే. ఓడ కూడా ఆగినట్టే అనిపించింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడో, వాననే తుడుచుకున్నాడో నేను అడగలేదు. చీర పూర్తిగా తడిసి ఒంటికి అంటుకుంది. ఓడలో పనిచేసే ఒకతను తువ్వాళ్ళు తెచ్చి మా ఇద్దరి భుజాల మీదా కప్పి పోయాడు.

ఇంటికి వచ్చేసరికి ఆదోనిలో ఎండ అలాగే ఉంది. స్నానాలు చేసి, బొరుగుల ఉగ్గాని తిని, చల్లగా ఉంటుందని నేల బండల మీద చాప వేసుకొని పడుకున్నాం. కళ్ళు మూయగానే ఇల్లు కదిలింది. పైకి లేచి, మెల్లగా దిగి, మళ్ళీ లేచింది. కళ్ళు తెరిస్తే పైన ఫ్యాను ఉన్నచోటే ఉంది. మూస్తే మళ్ళీ తేలిపోతున్నాం. నాకే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. పక్కన ఆయన కూడా కళ్ళు మూసుకొని, తెరిచి, మళ్ళీ మూసుకుంటున్నాడు.

"ఏమే, నీగ్గూడా ఊగుతాందా?" అన్నాడు.

"ఊగుతాంది."

"లేయద్దు. అట్లే పండుకో," అన్నాడు. ఆయన ఫోను రెండుసార్లు మోగింది. షాపు దగ్గర రైతులు వచ్చి ఉంటారు. ఆయన దాన్ని బోర్లా పెట్టి, నా వైపు తిరిగి పడుకున్నాడు.