తుడవకూడని అద్దాలు

అద్దాలాయనకి కోపం రావడం ఎవరూ చూసి ఎరగరు. ఇరవై రెండేళ్ళుగా నిచ్చెన భుజానేసుకుని, ఒక బకెట్టు, ఒక రబ్బరు పట్టీ, రెండు గుడ్డలతో వీధులన్నీ తిరిగి ఇళ్ళ కిటికీలు తుడిచిన మనిషి. వాడుక ఇళ్ళవాళ్ళు ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయారు. అలాంటివాడు ఆ మూడు వారాలూ ఇంట్లో చెంచా కింద పడ్డా కసురుకున్నాడంటే తప్పు ఆయనది కాదు, నీళ్ళ కర్రది.

నీళ్ళ కర్ర అంటే ఒకదాంట్లో ఒకటి దూరిపోయే పొడుగాటి గొట్టాల కర్ర. చివర బ్రష్షు, దానిదాకా పాకే సన్నటి పైపు. నేలమీద నిలబడే పై అంతస్తు కిటికీలు కడిగెయ్యొచ్చు. ఇది లేకపోతే ఆయనకి స్కూలు పోతుంది. వచ్చే టర్ము నుంచి మా ఆవరణలో నిచ్చెన వెయ్యడానికి వీల్లేదని స్కూలు ఆఫీసు మేడమ్ చాలా మర్యాదగా చెప్పింది. నలభై ఆరు కిటికీలు. ఆ ఒక్క పని పోతే మిగతా వాడుకలన్నీ కలిపినా ఇల్లు గడవదు. పైగా మొన్న చలికాలంలో మెట్టు జారి పడి భుజం పాడుచేసుకున్నాక భార్య కూడా మేడమ్ పార్టీలో చేరిపోయింది.

సరే కొందామని వెళితే దుకాణంలో మూడు రకాలు. ఫైబరుది చవక, కానీ పైకి సాచితే బ్రష్షు ఇటు రమ్మంటే అటు పోతుంది. కార్బన్‌ది ఎంత తేలికో, దాని ధర విన్న చెవి అంత బరువెక్కుతుంది. మూడోది ఆ రెండూ కలిపింది. ఏదో ఒకటి ఇచ్చి పంపక షాపాయన ప్రశ్నల మీద ప్రశ్నలు. ఎన్ని అంతస్తులు? కుళాయి ఎంత దూరం? ట్యాంకు బండి మీదా, తోపుడు ట్రాలీ మీదా? బ్రష్షు మెత్తనిదా, గట్టిదా? పోలీసులు కూడా ఇన్ని అడగరు. చేత్తో తడిమి అద్దం వయసు చెప్పగల మనిషి ఆ కౌంటరు ముందు నీళ్ళు నమిలాడు.

సలహాకని బావమరిదిని వెంట తీసుకెళ్ళడం ఇంకో తెలివితక్కువ పని. అతను పైపులు వేసేవాడు. నీళ్ళతో పని అనేసరికి తనే పెత్తనం తీసుకున్నాడు. కొనేదేదో పొడుగుదే కొను బావా, రేపు పెద్ద బిల్డింగులు తగిలితే ఏం చేస్తావని ఒకటే పోరు. ఆ పోరు పడలేక షాపు ముందు పది మీటర్ల కర్ర సాచి చూశాడు. అది విల్లులా వంగి, కిటికీని వదిలేసి షాపు బోర్డు మీది బల్బు పగలగొట్టింది. షాపాయన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, మొదట్లో అందరూ అంతేనన్నాడు. అద్దాలాయన భుజం రెండు రోజులు పైకి లేవలేదు. చివరికి కలిపిన రకంలో ఆరున్నర మీటర్లది తీసుకున్నారు. బావమరిది వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

కర్ర ఒక ఎత్తయితే నీళ్ళు ఇంకో ఎత్తు. మామూలు కుళాయి నీళ్ళు అద్దం మీద ఆరితే తెల్లటి మచ్చలు కడతాయి. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే మీటరు పెడితే సున్నా చూపించే నీళ్ళు కావాలి. వీళ్ళింటి నీళ్ళలో పెడితే మూడొందల ఎనభై చూపించింది. ఆ అంకె చూసి షాపాయన మొహం వెలిగిపోయింది. చిన్న ఫిల్టరు ఈ నీళ్ళకి రెండు వారాలు కూడా ఆగదట, పెద్దదే పెట్టాలట. ఆ పెద్దది వచ్చి బాత్రూములో తిష్ట వేసింది. బొట్టు బొట్టుగా మంచినీళ్ళు ఇస్తుంది, అంతకంటే ఎక్కువ పారబోస్తుంది. పారబోసేవి వృథా కాకూడదని భార్య ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపి పెట్టింది. నడవాలో అడుగు తీసి అడుగు వేస్తే కాలికి ఏదో ఒకటి తగిలేది. స్నానానికి వెళ్ళాలన్నా ఫిల్టరుగారి అనుమతి తీసుకోవాలా అని ఆవిడ అడిగింది. ఆయనకి నవ్వు రాలేదు.

ఈ గోలంతటిలో షాపాయన ఒక్క మాట మూడుసార్లు చెప్పాడు. కడిగాక తుడవకూడదు, తడిగానే వదిలెయ్యాలి, శుభ్రమైన నీళ్ళు కాబట్టి దానంతట అదే మెరుస్తూ ఆరుతుంది. కర్ర పొడవు, పైపు మందం లెక్కల్లో మునిగిపోయిన మనిషి ఆ మాట ఒక చెవిన విని రెండో చెవిన వదిలేశాడు. రోజూ సాయంత్రం వెనక కిటికీ మీద సాధన చేసేవాడు. కడిగేవాడు, పైనుంచి నీళ్ళు పారించేవాడు, వెంటనే గుడ్డ తీసి తుడిచేసేవాడు.

"వదిలెయ్యమన్నాడుగా?" అంది భార్య.

"మనింటి అద్దమేగా. స్కూల్లో వదిలేస్తాలే."

అలా మూడు వారాల్లో ఒక్క అద్దమూ తనంతట తాను ఆరడం ఆయన చూడనే లేదు.

టర్ము మొదలవడానికి నాలుగు రోజుల ముందు, పై అంతస్తులో నాలుగు కిటికీలు కడిగి చూపించమంది మేడమ్. పైపు పట్టుకోవడానికి బావమరిది వెళ్ళాడు. కర్ర చెప్పినట్టు విన్నది. నాలుగూ అయిపోయాయి. ఆరాక చూద్దామని మేడమ్ లోపలికి వెళ్ళింది.

ఆయన తలెత్తి చూశాడు. నాలుగు అద్దాలూ ఏడ్చి లేచిన పిల్లాడి మొహంలా ఉన్నాయి. నిండా చుక్కలు, చారలు. ఇరవై రెండేళ్ళలో తడి అద్దం వదిలి ఆయన ఒక్క గుమ్మం దిగలేదు. మేడమ్ వచ్చి ఇదా మీ పని అంటే ఏం చెప్పాలి? పక్క గోడకి తోటమాలి నిచ్చెన ఆనించి ఉంది.

"కదలకు బావా," అన్నాడు బావమరిది.

"ఒక్కటే. ఆ చివరిది ఒక్కటే."

బావమరిది తిడుతూనే నిచ్చెన పట్టుకున్నాడు. ఆయన ఎక్కాడు. మూడు వారాల తర్వాత చేతికి తెలిసిన పని దొరికింది. ఆ చివర్నుంచి ఈ చివరకి గుడ్డ లాగుతుంటే ప్రాణం లేచొచ్చింది.

"దిగండి," అని కింద నుంచి వినిపించింది.

మేడమ్ గొంతు పెంచలేదు. దిగాక ముగ్గురూ నిలబడి పైకి చూశారు. మూడు కిటికీలు అసలు అద్దమే లేదేమో అన్నట్టు ఆరిపోయి ఉన్నాయి. నాలుగోదాని మీద, ఫ్రేము సందుల్లోని నల్లటి మురికిని గుడ్డ ఈడ్చుకొచ్చిన వంపు మరక. ఆయన తుడిచినంత మేరా ఉంది.

ఆవిడ ఆయన్ని కాదు, బావమరిదిని అడిగింది. "ఈ కర్ర పట్టడం మీకు వచ్చా?"

"వచ్చండీ," అన్నాడతను, నేల చూపులు చూస్తూ.

"అయితే పని మీ ఇంట్లోనే ఉంటుంది. కర్ర మాత్రం మీరే పట్టాలి. ఆయన పైపు చూసుకుంటారు."

వీడు జన్మలో ఒక్క అద్దం తుడవలేదు, వీడు బిగించిన కుళాయిల మీద ఇప్పటికీ వేలిముద్రలే ఉంటాయి అని చెప్పాలనుకున్నాడు అద్దాలాయన. ఒళ్ళంతా మండుతోంది. ఇల్లు గుర్తొచ్చింది.

"అలాగే మేడమ్," అన్నాడు.

టర్ము మొదటి రోజు పొద్దున్నే బావమరిది ఈల వేసుకుంటూ మొదటి కిటికీ కడిగాడు. కడిగి, చుక్కలు కారుతుండగానే వదిలేసి రెండోదానికి వెళ్ళాడు. ఆయన పైపు పట్టుకుని ఆ మొదటిదాని కిందే ఆగిపోయాడు.

"బావా, అటు తిరిగి నిలబడు," అన్నాడు బావమరిది. విసుక్కోలేదు, మెల్లగానే అన్నాడు.

ఆయన అటు తిరిగాడు. నలభై ఆరు కిటికీలూ అయ్యేదాకా అటే తిరిగి ఉన్నాడు.