పద్నాలుగు తరాల కాగితం

పోయిన ఆదివారం, మధ్యాహ్నం రెండుంబావు. రౌస్ హిల్‌లో మా అమ్మాయి ఇంట్లో భోజనాల బల్ల మీది పప్పుగిన్నె జరిపి, మనవరాలికి కాబోయే మామగారు ఒక కాగితం చుట్ట విప్పాడు. బల్లకి అటూ ఇటూ వేలాడింది.

పెళ్లిలో చదవడానికి పెళ్లికొడుకు ముత్తాత, తాత, తండ్రి పేర్లు కావాలన్నారు పంతులుగారు. మేం అడిగింది మూడు. ఆయన పద్నాలుగు తరాలు తెచ్చాడు. అందరికన్నా పైన స్కాట్లండ్ జమీందారు, పక్కన కోట బొమ్మ.

"అమ్మమ్మా, హీ ఈజ్ సో ప్రౌడ్ ఆఫ్ ఇట్. ప్లీజ్, ఏమీ అనకు," అంది మనవరాలు.

అనకూడదనే కూర్చున్నాను. కానీ నాకు చదువొచ్చింది యాభై ఎనిమిదో ఏట. మీలా కళ్లతో చదువుకుంటూ పోలేను, ఒక్కొక్కటీ వేలు పెట్టి కూడబలుక్కోవాలి. పేర్లు ఇంగ్లీషువైనా అంకెలు నాకొచ్చు. వేలు జమీందారు దగ్గర ఆగింది. ఆయన పోయిన సంవత్సరం చూశాను. కింద కొడుకు పుట్టిన సంవత్సరం చూశాను. లేచి మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ చూశాను. కూర్చోలేకపోయాను.

"తండ్రి పోయిన మూడేళ్లకి కొడుకెలా పుట్టాడే?"

"అమ్మా, నువ్వూరుకో," అంది మా అమ్మాయి.

పెళ్లికొడుక్కి మన మాట కాస్త తెలుసు. వాడే వాళ్ల నాన్నకి చెప్పేశాడు. ఆయన వంగి చూశాడు, కళ్లజోడు తుడిచి మళ్లీ చూశాడు. రిటైరైన దగ్గర్నుంచీ ఈ పేర్లు వెతకడమే పనట. ఆ మనిషి కాగితం చుట్టుకుని లేచిపోతే? నా నోటివల్లే పెళ్లి చెడిందని జన్మంతా అంటారు. చీర కొంగు మెలిపెడుతూ నిలబడ్డాను.

"పైవాళ్లతో మాకు పనిలేదు, బాబూ. మీ తాతగారు ఏం చేసేవారు?" అన్నాను. మనవరాలు ఇంగ్లీషులో అడిగింది.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి చెప్పాడు. గొర్రెల బొచ్చు కత్తిరించేవాడట. సంతకం రాక గీత గీసేవాడట. ఇన్నేళ్లలో కొడుక్కి కూడా చెప్పలేదట.

"నేనూ యాభై ఎనిమిదేళ్లదాకా వేలిముద్రే," అన్నాను. "పేరు చెప్పండి, రాసుకుంటాను."

చెప్పాడు. నెమ్మదిగానే, నేను రాయగలిగినంత నెమ్మదిగా. తాత పేరు, తండ్రి పేరు, తన పేరు. కాగితం మాత్రం నా వంక చూడకుండా చుట్టుకున్నాడు. కోపం పోయిందో లేదో నాకింకా తెలియదు.

రేపెవరైనా ఇది మరోలా చెబితే నమ్మకండి. అల్లుడు పాలకని వెళ్లి అంతా అయ్యాక వచ్చాడు, అతని మాట లెక్కలోకి రాదు. అక్కడున్నది నేను, మా అమ్మాయి, మనవరాలు, పెళ్లికొడుకు, వాళ్ల నాన్న.