తెర బిగుసుకున్నా మోగిన రాగం

మట్టెవాడలో గాజుల దుకాణం మీది గదిలో జోయెల్ స్టూడియో. స్టూడియో అంటే ఏదో అనుకునేరు. గోడలకు పాత బొంతలు కొట్టిన గది, ఒక కంప్యూటర్, ఒక కీబోర్డు, రెండు స్పీకర్లు. అంతే. నా పేరు తౌసీఫ్, అక్కడ రిథమ్ ప్యాడ్ వాయిస్తాను. చర్చి పాటకైనా, పెళ్లి బరాత్‌కైనా, బోనాల పాటకైనా ట్రాక్ కావాలంటే ఈ చుట్టుపక్కల వాళ్లు చాలామంది జోయెల్ దగ్గరికే వస్తారు. మనిషి తక్కువ మాట్లాడతాడు, కోపమన్నది ఎరగడు. వాడి వాటా కోపం కూడా అల్లా నాకే ఇచ్చినట్టున్నాడు.

కంప్యూటర్ మొరాయించినప్పుడు చూడాలి వాడిని. పాట మధ్యలో తెర బిగుసుకుపోయి, బాణం గుర్తు కదలక, ఏ బటన్ నొక్కినా పలకకపోతే నాలాంటివాడు వెంటనే వైరు పీకేస్తాడు. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపుతాడు.

"ఆగు భాయ్. మొకం బిగుసుకుంటే పానం పోయినట్టా? లోపల నడుస్తాంది, ఇను జర."

నిజమే. బొమ్మ చూపించే పని వేరు, సౌండ్ నడిపే పని వేరు. తెర చచ్చినా స్పీకర్లలో పాట మోగుతూనే ఉండేది. వాడు ఓపిగ్గా కూర్చుని, దేన్ని కదిపితే ఏది వదులుతుందో చూసి, చాలాసార్లు పనిని ప్రాణాలతో బయటికి తెచ్చేవాడు.

వాడికి కీబోర్డు మెట్ల మీద వేళ్లు పెట్టడం నేర్పింది సుందర్ రావు సార్. స్టేషన్ ఘన్‌పూర్ చర్చిలో ఏళ్ల తరబడి హార్మోనియం వాయించిన మనిషి. ప్రభు బల్ల జరిగేటప్పుడు, జనం వరుసగా వచ్చి రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు, ఆయన ఒక రాగం వాయించేవాడు. సొంతంగా కట్టుకున్నది. మాటల్లేవు కాబట్టి ఎవరూ పాడలేదు, పాడలేదు కాబట్టి ఎవరికీ రాలేదు. ప్రభు బల్ల దగ్గర ఫోను తీసి రికార్డు చేసే ధైర్యం ఎవడికుంది?

ఇప్పుడు సార్‌కు చేతులు వణికే జబ్బు. వేళ్లు బిగుసుకుపోతాయి. దవాఖానలో ఇచ్చిన మాత్ర వేసుకున్నాక కాసేపు మాత్రం మాట వింటాయి, ఆ కాసేపూ నెలనెలా కురచైపోతోంది. "ఆ రాగం ఒక్కటి ఎక్కించుకో బిడ్డా, నాతోటి పోవద్దది" అని ఆయనే జోయెల్‌ను అడిగాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన భార్య ఎస్తేరమ్మ రైల్లో తీసుకొచ్చి, పైగదికి ఎక్కించి కీబోర్డు ముందు కూర్చోబెట్టింది. మాత్ర పని చేసే వేళ చూసి సార్ మొదలుపెట్టాడు.

ఏం చెప్పను! నేను మసీదుకు పోయేవాణ్ని, నాకు ప్రభు బల్ల తెలియదు. అయినా ప్యాడ్ పక్కన పెట్టేసి వింటూ కూర్చున్నాను. ఒకచోట కొంచెం ఆలస్యంగా, ఒకచోట తొందరగా, ముసలివాళ్లు మాట్లాడినట్టే ఉంది ఆ రాగం. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగలేదు. ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కీబోర్డు నుంచి కంప్యూటర్‌లోకి పోయేది సౌండ్ కాదు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారన్న గుర్తులు మాత్రమే. సేవ్ కొట్టేదాకా అవి దాని మతిలోనే ఉంటాయి, ఎక్కడా రాసి ఉండవు. దానంతటదే సేవ్ చేసుకునే ఏర్పాటు ఉంది గానీ, వాయిస్తుండగా టక్కుమని సౌండ్ తెగుతోందని జోయెల్ దాన్ని ఎప్పుడో ఆపేశాడు.

వాడి చెయ్యి సేవ్ మీదికి పోతుండగానే సార్ అన్నాడు: "ముందు ప్రార్థన చేద్దాం బిడ్డా."

వాళ్ల చర్చిల్లో ప్రార్థన వెనక కీబోర్డు మెల్లగా మోగుతుండాలి. అది అలవాటు. జోయెల్ సౌండ్ తగ్గించి, సార్ రాగాన్నే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టి, చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక్క బటన్ నొక్కి కళ్లు మూసుకుంటే ఏం పోయేదిరా నాయనా! పెద్దాయన ప్రార్థన చేద్దామంటే ఆమేన్ దాకా ఇంకో పని ముట్టడు వాడు. సార్ అందరినీ తలుచుకున్నాడు. నన్ను, నా పిల్లలను, కింద గాజుల దుకాణం వాళ్లను కూడా. ఈలోగా తెర నిద్రపోయింది.

ఆమేన్ అన్నాక మౌస్ కదిపితే తెర తెల్లగా లేచి, అలాగే బిగుసుకుంది. రాగం మాత్రం తిరుగుతూనే ఉంది.

"సేవ్ గుద్దురా!" అన్నాను.

"గుద్దిన భాయ్. పేరు పెట్టని ఫైలు. పేరు అడగనీకి దానికి కిటికీ తెరుసుకోవాలె. తెరుసుకుంటలేదు."

మౌస్ వైరు తీసి మళ్లీ పెట్టాడు. వేరే తెర తగిలించాడు. చూశాడు, ఆగాడు, మళ్లీ చూశాడు. వాడి నుదుటి చెమట మెట్ల మీద పడుతోంది. మొదటిసారి వాడి కళ్లల్లో భయం చూశాను. ఇక లాభం లేదని ఫ్యాన్ ఆపేసి, నా ఫోను స్పీకర్ ముందు పెట్టి, రాగం మొదటికొచ్చే క్షణం కోసం కాచుకుని రికార్డు నొక్కాను. ఒక్క చుట్టు పూర్తయితే చాలు, రాగం దక్కినట్టే.

సార్‌కు ఇవేవీ తెలియవు. కళ్లు మూసుకుని వింటున్నాడు. కాస్త నడిచిందో లేదో, "ఆగు ఆగు, గీడ జర తప్పు పోయింది, సరిజేస్త" అంటూ వణికే చెయ్యి మెట్ల మీద పెట్టాడు.

జోయెల్ చెయ్యి లేచింది. గాల్లోనే ఆగిపోయింది. పట్టుకోరా, ఆపరా అని నేను సైగలు చేస్తూనే ఉన్నాను. వాడు గురువు చెయ్యి పట్టి ఆపలేకపోయాడు. సార్ వేళ్లు ఒకేసారి నాలుగు మెట్ల మీద పడి బిగుసుకున్నాయి. స్పీకర్లు గరగరమన్నాయి. ఒక్క స్వరం అలాగే సాగి సాగి ఆగిపోయింది. అసలే బిగుసుకున్న కంప్యూటర్ ఆ బరువు మోయలేక, తెర నల్లబడి, మళ్లీ మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది. యా అల్లా!

"అయిపోయిందా? మంచిగ ఎక్కిందా బిడ్డా?" అని అడిగాడు సార్.

"ఎక్కింది సార్" అన్నాడు జోయెల్.

వాళ్లను రిక్షా ఎక్కించి వచ్చాక వాడి మీద అంతెత్తున లేచాను. "అబద్ధమెందుకు ఆడినవ్? ఉన్నది ఉన్నట్టు చెప్తే మళ్ల వాయించకపోవునా?"

"ఆ చేతులు చూసినవా భాయ్? ఇగ వాయించలేడు" అని ఏడ్చేశాడు.

అయినా ఏదో సాకు చెప్పి మళ్లీ పిలిపించాడు. మాత్ర వేసుకుని, వేళ చూసుకుని కూర్చున్నా వేళ్లు విచ్చుకోలేదు. సార్ వాటి వంక చూసుకుని, "పోనీ తియ్, నువ్వు ఎక్కించుకున్నవ్ గద" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు చచ్చిపోవాలనిపించింది.

నా ఫోనులో దొరికింది ఆ రాగం మొదలు, కాసింత. దాన్ని పట్టుకుని జోయెల్ వేరే పనులన్నీ పక్కన పెట్టాడు. విన్నదంతా గుర్తు తెచ్చుకుని ఒక్కో స్వరం తెర మీద గీసి, చెరిపి, మళ్లీ గీశాడు. మెట్టు మెట్టూ సరైందే అనిపించింది నాకు. వాడి ముఖం మాత్రం తేటపడలేదు.

చివరికి స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లాం. సార్ మంచంలో ఆనుకుని కూర్చున్నాడు. ఎస్తేరమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. జోయెల్ చిన్న స్పీకర్ ఆయన పక్కన పెట్టి, తను గీసిన రాగాన్ని మొదటి నుంచి చివరిదాకా వినిపించాడు. సార్ తల ఊపుతూ, మర్యాదగా అంతా విన్నాడు.

"బాగనే ఉన్నది బిడ్డా. ఎవరిదిది? ఇగ నాది పెట్టు."