గడియ కుడుక మునిగేదాకా

నంద్యాలలో ఎస్సెస్సెల్సీ పరీక్ష రాసి లెక్కల్లో తప్పాను. నాయన కోప్పడలేదు. అందుకే నాకు మరీ భయమేసింది. పెట్టె సర్దించి, ఆళ్లగడ్డ బస్సు ఎక్కించి, ఇంటికొచ్చాక ఒకే మాట చెప్పాడు.

"సెప్టెంబరులో పాసైతే టీచరు ట్రైనింగుకు పంపిస్తా. తప్పితే గోస్పాడులో మీ మామ ఉండనే ఉండాడు."

మామంటే అమ్మ తమ్ముడు, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. మంచివాడే, కాదనను. ఎద్దుల గురించి తప్ప మరో మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

నా చదువుకు కాపలా నాయనమ్మ. మేం అవ్వా అనే పిలిచేవాళ్లం. అవ్వకు అక్షరం ముక్క రాదు, గడియారం చూడటమూ రాదు. ఆమె దగ్గరున్నది గడియ కుడుక, అంటే అడుగున సూదిబెజ్జమున్న రాగి గిన్నె. గంగాళంలో నీళ్ల మీద వదిలితే మెల్లగా నిండి, ఇరవై నాలుగు నిమిషాల గడియ కాగానే బుడుంగుమని మునిగిపోతుంది. తాత ఉన్నప్పుడు మళ్లకు నీళ్ల వంతులు దాంతోనే వేసేవాళ్లట. ఆ తర్వాత ఊళ్లో పెళ్లి ముహూర్తాలకే అడిగి పట్టుకుపోయేవాళ్లు.

నన్ను పత్తి మూటల గదిలో కూర్చోబెట్టి, బయట గొళ్లెం పెట్టి, వసారాలో గంగాళం ముందు అవ్వ కూర్చునేది. కుడుక మునిగితే గొళ్లెం తీసేది. నేను పెరట్లో నాలుగడుగులు తిరిగి, నీళ్లు తాగి, మళ్లీ లోపలికి పోవాలి. గది నిండా పత్తి నుసి, ఒకటే తుమ్ములు.

"అవ్వా, తల నొస్తాంది. తలుపు తియ్."

"కుడుక మునగలా ఇంగా. యాడికి పోతావ్?"

"లెక్కలంటే నీకేం తెలుసు?"

"నాకేం తెలీదు మే. మునిగేదాకా కూచునేది తెలుసు. మీ తాత సగంలో లేసొచ్చింటే మడి ఎండిపోయుండేది."

ఒళ్లు మండిపోయేది. మొదట్లో పుస్తకం మూసి ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించేదాన్ని. అబద్ధమెందుకు, పోను పోను లెక్కలు తలకెక్కాయి. కానీ ఒంటికి ఆ చప్పుడు ఎంత అలవాటైందంటే, ఎవరైనా తొట్టిలో చెంబు ముంచినా లేచి నిలబడేదాన్ని. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు.

పాసయ్యాను. పేపర్లో నా నంబరు చూసి అవ్వ కాళ్ల మీద పడ్డాను.

"మంచిదే," అన్నాడు నాయన. "మామోళ్లు వస్తాండారు, మాట అనుకునేకి."

"ట్రైనింగుకు పంపిస్తానంటివి గద నాయనా?"

"అంటి. వాళ్లు ఆగేట్టు లేరు." తువ్వాలు భుజాన వేసుకుని చేలోకి వెళ్లిపోయాడు.

నేను చేయాల్సింది చేశాను కదా. ఎవరూ గొళ్లెం పెట్టకపోయినా ఆ గదిలోకే పోయి కూర్చున్నాను. ఈసారి బయటికి రాబుద్ధి కాలేదు.

మా ఇంటి ముందే పందిరి వేశారు. ముహూర్తానికి మా కుడుకే, గంగాళం దగ్గర మా అవ్వే. తెర ఇవతల పీట మీద నేను, చేతిలో జీలకర్రా బెల్లమూ. కుడుక మునగబోతోందని, ఆ చప్పుడు వినబడేందుకు పురోహితుడు చెయ్యెత్తి మేళాన్ని ఆపించాడు.

బుడుంగుమంది.

నేను లేచి నిలబడ్డాను.

తెర మీదుగా మామ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కిందికి అదిమింది.

"కూచో మే," అంది, నా మొహం చూడకుండా. "ఈ తూరి లేసేది లేదు."